చీకటికి అలవాటు పడే వేగం

“స్టూలు ఎప్పుడూ ఉండే చోటే ఉందత్తయ్యా,” అంది కోడలు. ఆ మాట పొద్దుట్నుంచి ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తు లేదు.

“ఉండే చోటే ఉంటే మనిషి కాళ్ళకి ఎలా అడ్డమొస్తుంది? అదే నడుచుకుంటూ వచ్చి ఆయన్ని పొడిచిందా?” అత్తగారు నేలమీద చతికిలబడి, మామగారి మోకాలి కింద చీరుకుపోయిన చోట తడిగుడ్డతో అద్దుతోంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఆ కాలు తనది కానట్టు ఎటో చూస్తున్నాడు. బాల్కనీలో ఎండ మండిపోతోంది. అక్కణ్ణుంచి లోపలికి రాగానే ఉండే నడవాలో స్టూలు ఇంకా పక్కకి ఒరిగే ఉంది. దాని మీదుండే గాజు సీసా ముక్కలు ఎవరో కాలితో గోడవారకి తోశారు.

“నిన్న బల్బు మార్చడానికి నువ్వేగా దాన్ని తీసింది,” అంది అత్తగారు.

“తీసి మళ్ళీ అక్కడే పెట్టాను.”

“పెట్టావులే. పోయిన నెల బల్లంచున గ్లాసు కూడా అలాగే పెట్టావు. మొన్న బాత్రూం గుమ్మంలో చెప్పులూ అలాగే పెట్టావు. ఆయనేం చంటిపిల్లాడా, చూసుకోకుండా నడవడానికి? రోజంతా కంప్యూటర్లో బొమ్మ లారీకి వెలుతురు చూపిస్తావు. ఇంట్లో మనుషులకి దారి చూపించడం మాత్రం చేతకాదు.”

ఆడపడుచు పుస్తకం వెనక నుంచి ఫక్కున నవ్వింది. “అమ్మా, ఆ డైలాగు రాసి పెట్టుకో, బాగుంది.”

“నువ్వు చదువుకో ముందు.”

భర్త బెల్టు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చాడు. తల్లి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు, గడియారం చూశాడు. “పోనీలేమ్మా. ఇంకోసారి జాగ్రత్తగా ఉంటుందిలే,” అన్నాడు. అంటే తప్పు తనదేనని తీర్పు కూడా అయిపోయిందన్నమాట, అనుకుంది కోడలు.

ఆమె మామగారి వైపు చూసింది. స్టూలు గోడకి ఆనుకునే ఉందని ఆయనకి తెలియదా? పడ్డప్పుడు దాన్ని పట్టుకున్నది ఆయన చెయ్యేగా. ఒక్క ముక్క, ‘నేనే చూసుకోలేదు’ అంటే సరిపోయేది. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది కూడా. మళ్ళీ మూసుకుని, “టైమైంది. సాక్సులెక్కడ?” అన్నాడు.

ఆమె చీపురు తెచ్చి గాజుముక్కలు ఎత్తింది. స్టూలు నిలబెట్టి, గోడకి ఆనించి, ఎందుకో చేత్తో కొలిచి మరీ పెట్టింది.

ఆమె చేసే పని చెప్పడానికి తేలిక, వినేవాళ్ళకి వింత. వాళ్ళ ఆఫీసులో తయారవుతున్న ఆటలో ఒక లారీ ఉంటుంది. కొండదారిలో సరుకు మోసుకుపోతుంది. ఎండలోంచి సొరంగంలోకి పోయినప్పుడు ఆటలోని కెమెరా తన ఎక్స్‌పోజర్‌ని పెంచుకోవాలి, అంటే ఉన్న కాస్త వెలుతురునీ ఎక్కువగా తాగాలి. బయటికి రాగానే తగ్గించుకోవాలి. అది ఎప్పుడు, ఎంత, ఎంత వేగంగా జరగాలో చెప్పే స్క్రిప్టు ఆమె రాస్తుంది. ఒక్కసారిగా మారితే స్విచ్చి వేసినట్టుంటుంది, ఆడేవాడికి అది ఆటని తెలిసిపోతుంది. తగినంత నెమ్మదిగా మారితే మనిషి కన్నులా ఉంటుంది. ఆ నెమ్మది ఒక అంకె. ఆ అంకె ఆమె చేతిలో ఉంది కనక ఆఫీసులో అందరూ ఆమెని ‘వెలుతురమ్మా’ అని పిలుస్తారు.

ఆ రోజు వెళ్ళేసరికి ఆమె కుర్చీ చుట్టూ నలుగురు చేరి ఉన్నారు.

“రండి రండి వెలుతురమ్మా, మీ లారీ గోడలు నాకుతోంది,” అన్నాడు టీం లీడు. తన మాటకి తనే ముందు నవ్వి తరవాత అందర్నీ నవ్వించే మనిషి ఆయన.

టెస్టరమ్మాయి ఆడి చూపించింది. లారీ ఎండలో దర్జాగా వచ్చి సొరంగంలో దూరింది. తెర నల్లబడింది. నల్లగానే ఉంది. లారీ ఎటు పోతోందో తెలియదు, ఇంజను చప్పుడు మాత్రం వస్తోంది. కాసేపటికి రేకు రాసుకుంటున్న చప్పుడు మొదలైంది. ఆ తరవాత ఎప్పటికో బూడిదరంగులో గోడ, పక్క గీత, ముందు మలుపు ఒకదాని తరవాత ఒకటి తేలుతూ వచ్చాయి. అప్పటికి లారీ అద్దం ఊడిపోయింది.

టెస్టరమ్మాయి ఈ తప్పుని నమోదు చేస్తూ పెట్టిన పేరు పైన కనిపిస్తోంది: ‘లారీకి రేచీకటి’.

“రోజూ క్యారెట్లు పెట్టండి దానికి,” అన్నాడు సొరంగం బొమ్మ గీసిన ఆర్టిస్టు.

కోడలు కూడా నవ్వింది. చూడగానే సంగతి అర్థమైంది. ఆటలో వాన పడేటప్పటి వెలుతురు మార్చేటప్పుడు, చీకటికి అలవాటు పడే వేగం దగ్గర దశాంశ చుక్క ఒక స్థానం పక్కకి జరిగింది. “చుక్క తప్పాను. సోమవారానికి సరిచేసి పెడతాను.”

“మంగళవారం బిల్డు, ఆటంతా కూర్చి చూపించాలి,” అన్నాడు లీడు. “గుర్తుంచుకోండి. డబ్బు పెట్టేవాళ్ళు చూస్తారు. వాళ్ళు గుడ్డి లారీ ఎక్కరు.”

శనివారం ఇంట్లో కాస్త నెమ్మది దొరికింది. అత్తగారూ ఆడపడుచూ బజారుకి పోయారు, భర్త పడుకున్నాడు. కోడలు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని లారీని మళ్ళీ మళ్ళీ సొరంగంలోకి తోలుతోంది. ఒకసారి చుక్క తప్పిన అంకెతో, ఒకసారి సరైన అంకెతో. తేడా కంటికి పట్టాలి, అప్పుడే మధ్యలో ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మామగారు నీళ్ళ కోసం వచ్చి వెనకాల నిలబడ్డాడు. ఆయన ఇలాంటివి చూడడు. ముప్పై ఏళ్ళ పైగా నిజం బస్సు తోలుతున్నవాడికి బొమ్మ లారీ ఏం కనబడుతుంది? ఈరోజు మాత్రం గ్లాసు పట్టుకుని, చుక్క తప్పిన అంకెతో లారీ సొరంగం దాటేదాకా అలాగే ఉండిపోయాడు.

“గేరు మార్చకుండా ఎక్కిస్తున్నావేంటి కొండ?” అన్నాడు.

“ఇందులో గేర్లు వాటంతటవే పడతాయి మామయ్యగారూ.”

“అదృష్టవంతుడు డ్రైవరు.”

ఈసారి సరైన అంకెతో లారీ సొరంగంలోకి వెళ్ళింది. కొంచెం మసక కమ్మి వెంటనే విడిపోయింది. గోడలు, గీత, మలుపు అన్నీ కనిపించాయి. మామగారు ముందుకి వంగాడు.

“ఇదేంటి, అప్పుడే కనిపించేసింది?”

“కళ్ళు అలవాటు పడటమండీ. లోపలికి వెళ్ళగానే చీకటిగా ఉంటుంది, కాస్త ఆగితే కనిపిస్తుంది కదా. అది.”

“కాస్త ఆగితే కనిపిస్తుంది, కాదనను. ఇంత తొందరగా ఎవరికి కనిపిస్తుంది? ఇందాకటిది బాగుంది. దాంట్లో కాస్త నిజం ఉంది.”

ఆమె నవ్వబోయింది. “ఇందాకటిది తప్పు మామయ్యగారూ. చుక్క తప్పాను. ఆఫీసంతా పడీపడీ నవ్వారు.”

“ఎందుకు నవ్వడం? సొరంగంలోకి పోతే అంతే కదా.”

ఆ మాట ఆయన వాదించడానికి అనలేదు. వాన పడితే తడుస్తాం కదా అన్నంత మామూలుగా అన్నాడు. కోడలి వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే తన మొహంలో ఏదో కనిపించేస్తుందనిపించింది.

“మళ్ళీ వేస్తాను, చూసి చెప్పండి,” అంది. చుక్క తప్పిన అంకె వేసింది. లారీ నల్లటి తెరలోకి పోయింది. ఇంజను చప్పుడు, రేకు రాసుకునే చప్పుడు. ఎంతో సేపటికి గోడ తేలింది.

“ఇలాగేనా?”

“ఇలాగే. ఇది కూడా కొంచెం తొందరే.”

ఆమె అంకె ఇంకా తగ్గించింది. మళ్ళీ తోలింది. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూచున్నాడు. “ఇంకొంచెం” అన్నాడు. ఆమె ఇంకొంచెం తగ్గించింది. అద్దం ఊడిపోయింది, ముందు దీపం పగిలింది, ఎదురుగా వచ్చిన ఏదో బండిని కూడా లారీ గుద్దుకుంది. అప్పటికీ తెర తేరుకోలేదు. చివరికి, “ఆఁ, ఇదీ. ఇక్కడ,” అన్నాడు ఆయన, కొట్లో గుడ్డరంగు సరిపోయిందని చెప్పినట్టు సంతృప్తిగా.

తెర మీద అంకెని ఆమె చూస్తూ ఉండిపోయింది.

ఆయన ఆమె వైపు తిరిగాడు. “మరి నీకెలా ఉంటుంది?” అన్నాడు.

ఆమె సరైన అంకె వేసి తోలింది. కొంచెం మసక, వెంటనే గోడలు.

“అందరికీనా?”

“దాదాపు అందరికీ.”

“మళ్ళీ ఓసారి వెయ్యి.”

వేసింది. ఇంకోసారి అన్నాడు. వేసింది. ఆయన మొహం మీద తెర వెలుతురు పడుతోంది, పోతోంది, మళ్ళీ పడుతోంది. గ్లాసులో నీళ్ళు తాగడం మరిచిపోయాడు.

“వయసులో అందరికీ వచ్చేదే అనుకున్నాను,” అన్నాడు చివరికి. “బయటినుంచి లోపలికి వస్తే కాసేపు ఏమీ కనిపించదు, అందరూ అలాగే సర్దుకుంటున్నారనుకున్నాను. మీ అత్తయ్య గబగబా నడుస్తుంటే, దీనికి ఇల్లు కొట్టిన పిండి కదా, అందుకని అనుకునేవాణ్ణి.”

“డాక్టరుకి చూపిద్దాం మామయ్యగారూ. ఈలోగా బస్సు...”

“ఇంట్లో ఎవరికీ చెప్పకు.” ఆయన గొంతు తగ్గించాడు, పక్కగదిలో కొడుకు పడుకున్నాడు. “బుధవారం కొత్త బస్సు రోడ్డెక్కుతోంది. పెద్దవాణ్ణని మొదటి ట్రిప్పు నాకిచ్చారు. ఆ డొక్కుబస్సుతో ఇన్నాళ్ళు వేగాను. ఒక్కసారి కొత్త బండి సీట్లో కూచుని ఆ కొండెక్కిస్తాను. దిగి నేనే చెప్తాను. నా అంతట నేనే.”

అంత పెద్దమనిషి తన దగ్గర చేతులు కట్టుకున్నంత పని చేస్తుంటే ఆమెకి కాదనడం చేతకాలేదు. తల ఊపింది. అలా ఊపకుండా ఉండాల్సిందని ఆ రాత్రంతా అనుకుంటూనే ఉంది.

సోమవారం ఆమె ఆఫీసుకి తిన్నగా పోకుండా, అటు తిరిగి ఇటు తిరిగి మామగారు తోలే, కొండ దాటే బస్సెక్కింది. డ్రైవరు సీటు వెనక రెండో వరసలో, ఆయన కంట పడకుండా ఒదిగి కూచుంది. ఆయన తల వెనక భాగం కనిపిస్తోంది. దువ్విన నెరసిన జుట్టు, మెడ మీద ఇస్త్రీ చేసిన కాలరు. ఇంట్లో సాక్సులెక్కడని అడిగే మనిషి ఇక్కడ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. ఇంజను మూలుగు వినే గేరు మారుస్తున్నాడు. స్టాపులో ముసలాయన ఎక్కుతుంటే మెట్టు కాలికి అందేలా బస్సుని కాలిబాటకి ఆనించాడు. మలుపులో నిలబడ్డవాళ్ళు తూలకుండా వేగాన్ని పాలగిన్నె దించినట్టు మెల్లగా తగ్గించాడు. చూస్తుంటే ముచ్చటేసింది. తను అనుకున్నది పొరపాటేమోనని కాసేపు ఆశ కూడా పుట్టింది.

సొరంగం ఇంకా దూరంగా ఉండగానే ఆయన ఎడమకన్ను మూశాడు.

అద్దంలో వారగా ఆమెకి కనిపించింది. ఒంటికన్నుతోనే ఎండలో రోడ్డుమీద బస్సు నడుపుకుంటూ వచ్చాడు. సొరంగం నోట్లోకి రాగానే ఎడమకన్ను తెరిచి కుడికన్ను మూశాడు. ఆ మూసి ఉంచిన కన్నుని ముందుగానే చీకటికి సిద్ధం చేసుకుంటున్నాడని ఆమెకి తట్టింది. ఎవరూ నేర్పని విద్య. అంత చేసినా అది చాలడం లేదని స్టీరింగు మీద బిగుసుకున్న వేళ్ళే చెప్తున్నాయి. ముందు బండి వెనక ఎర్రదీపాన్ని పట్టుకుని, దాని వెంట తాడుకట్టి లాగినట్టు పోతున్నాడు.

అప్పుడు వినిపించింది చప్పుడు. తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరమ్మ చేతి ఉంగరంతో ఇనప కడ్డీని ‘టక్’మని కొట్టింది. బస్సు కొంచెం కుడికి జరిగింది. మళ్ళీ ‘టక్’. మళ్ళీ జరిగింది. సొరంగం లోపల నారింజరంగు జాకెట్లు వేసుకున్న పనివాళ్ళు గోడవార తవ్వుతున్నారు, వాళ్ళలో ఒకడు బుట్ట ఎత్తుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ రోడ్డు మీదికి వచ్చేశాడు. ‘టక్ టక్’. బస్సు ఆగింది. పనివాడు తిరిగి చూసి, చెయ్యెత్తి నవ్వి, పక్కకి తప్పుకున్నాడు. బస్సులో ఎవరూ ఫోన్లలోంచి తలెత్తలేదు.

వెలుతురులోకి వచ్చాక కండక్టరమ్మ టికెట్లు కొడుతూ వచ్చి ఆమె పక్కన ఆగింది. “మీరు కోడలుగారు కదూ? ఆయన ఫోన్లో ఫొటో చూశాను.”

“ఆ చప్పుడు దేనికి?”

“పాత బండి కదమ్మా, అక్కడక్కడా తట్టి చూసుకోవాలి.” ఆమె నవ్వింది. కోడలు నవ్వలేదు. కండక్టరమ్మ కాసేపు అటూ ఇటూ చూసి పక్క సీట్లో కూలబడింది. “చూశారన్నమాట. చాలా రోజుల్నుంచి ఇలాగే నడుస్తోందమ్మా. ఒకటి కొడితే ఎడమవైపు చూసుకోమని, రెండు కొడితే ఆపమని. ఆయన అడగలేదు. నేనే మొదలుపెట్టాను, ఆయన అర్థం చేసుకున్నాడు. ఇద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.”

“పైవాళ్ళకి చెప్పాలని అనిపించలేదా?”

“నాకు పురిటినొప్పులొస్తే బస్సులో అందర్నీ ఒప్పించి, ఇదే బండిలో, సందులో పట్టని బండిని పట్టించి ఆస్పత్రి గుమ్మంలో దింపాడమ్మా. ఆయన కోసం ఓ కడ్డీ కొట్టలేనా?”

“బుధవారం కొత్త బస్సులో కూడా మీరే ఉంటారా?”

కండక్టరమ్మ టికెట్టు మిషను ఒళ్ళో పెట్టుకుని దాని మీటలు ఊరికే తడిమింది. “దాంట్లో కండక్టరు ఉండరమ్మా. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, టికెట్టు మిషనే ఇస్తుంది. నన్ను కౌంటర్లో వేశారు.”

“ఆయనకి తెలుసా?”

“తెలుసు. అడిగాను కూడా, ఎలాగని. నవ్వాడు. ఆ సొరంగానికి నేనంటే భయంలే, పక్కకి తప్పుకుంటుంది అన్నాడు.”

సాయంత్రం మామగారు బాల్కనీలో బూట్లకి పాలిష్ చేస్తుంటే కోడలు వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని కూచుంది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు, ఆడపడుచు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

“పొద్దున్న మీ బస్సెక్కాను,” అంది.

బ్రష్షు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. “కండక్టరమ్మ వాగిందా?”

“నేనే చూశాను. బుట్ట ఎత్తుకున్నవాణ్ణి మీరు చూడలేదు మామయ్యగారూ.”

“ఆపాను కదా.”

“ఆమె కొట్టింది కనక ఆపారు. బుధవారం ఎవరు కొడతారు?”

“ముప్పై ఏళ్ళ దారి. కళ్ళకి గంతలు కట్టినా పోతాను.”

“దారి మీకు తెలుసు. దారి మీదికి వచ్చేవాళ్ళని అడుగుతున్నాను. రేపు మీరే చెప్పండి ఇంట్లో. బుధవారం దాకా వద్దు. మీరు చెప్పకపోతే నేను చెప్పాల్సొస్తుంది.”

ఆయన బూటు కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది. అరవలేదు. అరిచినా బాగుండేదేమో.

“చెప్పుకో,” అన్నాడు. “స్టూలు గోడకే ఉందంటే నమ్మారా? ఈ ఇంట్లో నీ మాట ఎవరు వింటారు?”

ఆ మాట నోరు దాటాక ఆయనకే వినిపించినట్టుంది. చేతిలో బ్రష్షు వంక చూసుకున్నాడు. కోడలు పీట ఎత్తి, గోడకి ఆనించి, లోపలికి వచ్చేసింది. అయితే స్టూలు సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ ఆ రోజు సాక్సులు అడిగాడు. ఏడుపు రాలేదు. రావాల్సిన చోట ఏదో ఎండిపోయినట్టుంది. వంటింట్లో అత్తగారు, “ఆ కూర అడుగంటుతోంది, చూడొచ్చు కదా, ఏ లోకంలో ఉన్నావు?” అంది. చూసింది.

మంగళవారం ఉదయం డిపోలో మేనేజరు ఆమెకి కుర్చీ చూపించి, ఫోను పక్కన పెట్టి, మొత్తం విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు.

“ఏటా కళ్ళు పరీక్ష చేయిస్తామమ్మా,” అన్నాడు చివర్లో. “గోడమీద అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. కింది వరస కూడా.”

“ఆ గదిలో లైట్లు బాగా ఉంటాయి కదండీ. ఎండలో నిలబెట్టి, లోపలికి తెచ్చి, లైట్లు ఆపి, ఎంతసేపటికి కనిపిస్తుందో అడగండి. అది చాలు.”

మేనేజరు ఆమె వంక అనుమానంగా చూశాడు. “మీరేం చేస్తుంటారు?”

“ఇదే,” అంది ఆమె. ఇంతకన్నా ఎలా చెప్పాలో తెలియలేదు.

“మీరు వచ్చినట్టు ఇంట్లో తెలుసా?”

తన పేరు బయటికి రానివ్వద్దని అడగొచ్చు. మేనేజరు ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టున్నాడు కూడా. “రాత్రికి తెలుస్తుందండీ, నేనే చెప్తాను,” అంది.

బయటికి వచ్చేసరికి షెడ్డుకి అవతల, నడి ఎండలో కొత్త బస్సు నిలబడి ఉంది. సీట్లకి ఇంకా ప్లాస్టిక్ తీయలేదు. మామగారు దాని ముందు అద్దం తుడుస్తున్నాడు. డిపోవాళ్ళ గుడ్డతో కాదు, ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత తువ్వాలుతో. మూల నుంచి మూలకి, గీత పడకుండా, కొంచెం వెనక్కి జరిగి చూసుకుంటూ తుడుస్తున్నాడు. ఆమె షెడ్డు నీడలో ఆగిపోయింది.

ఆయన తువ్వాలు దులిపి ఇటు తిరిగాడు. తిన్నగా ఆమె వైపే చూశాడు. ఇద్దరి మధ్యా పట్టుమని పది గజాలు లేవు. ఆమె ఏదో అనడానికి నోరు తెరిచింది. ఆయన చూపు ఆమె మీద నుంచి, ఆమె వెనక స్తంభం మీద నుంచి, ఖాళీ చోటు మీద నుంచి జరిగినంత తేలిగ్గా జరిగిపోయింది. నీడలో ఎవరో ఉన్నారని కూడా తెలియలేదు ఆయనకి. నింపాదిగా అటు తిరిగి పక్క అద్దం తుడవడం మొదలుపెట్టాడు, పెదాల మీద చిన్న నవ్వుతో, పసిపిల్లవాడి మొహం తుడిచినట్టు.

లోపల్నించి ఎవరో వచ్చి ఆయన్ని మేనేజరు పిలుస్తున్నాడని చెప్పారు. ఆమె వెనక గేటులోంచి వెళ్ళిపోయింది.

ఆఫీసులో బిల్డు చూడటానికి అందరూ గోడ తెర ముందు చేరారు. లారీ సొరంగంలోకి వెళ్ళింది, కొంచెం మసకబారింది, తేరుకుంది. బాగుందన్నారు. లీడు మాత్రం గడ్డం గోక్కున్నాడు. “ఆ మసక కూడా ఎందుకు వెలుతురమ్మా? తీసెయ్యండి. మన ఆటలో ఎవరూ చీకట్లో ఉండక్కర్లేదు.” ఆమె వాదించలేదు. సీట్లోకి వెళ్ళి, నెలల తరబడి రాసిన ఆ వరసల్ని ఒక్కొక్కటే చెరిపేసింది. లారీ ఈసారి ఎండలో ఎలా ఉందో సొరంగంలోనూ అలాగే పోయింది. టెస్టరమ్మాయి చప్పట్లు కొట్టింది.

రాత్రి భోజనానికి అందరూ కూచున్నారు. మామగారు రోజూ కంటే ముందే వచ్చి తన కుర్చీలో కూచున్నాడు. మొహం కడుక్కున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు. మేనేజరు లైట్లు ఆపాడా, ఎంతసేపు నిలబెట్టాడు, ఆయనేం చెప్పాడు, ఏదీ ఆ మొహంలో కనిపించలేదు. కోడలు కూర వడ్డించబోతే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “నేను వేసుకుంటాలే,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

అత్తగారు అది గమనించింది. “ఏమైంది?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే మొహం అలా ఎందుకుంది? రేపు కొత్త బస్సని పొద్దున్న వెళ్ళేటప్పుడు పెళ్ళికొడుకులా వెళ్ళారు.”

కోడలు గరిటె గిన్నెలో పెట్టేసింది. పక్కన భర్త ఉన్నాడు, ఎదురుగా ఆడపడుచు. చెప్పాక వాళ్ళ మొహాలు ఎలా మారతాయో, ఆ తరవాత ఏళ్ళ తరబడి ఏ మాట వస్తుందో ఆమెకి ముందే వినిపిస్తోంది. ‘మామగారి అన్నంలో మన్ను పోసింది కోడలు’ అని. అయినా చెప్పాలి.

“అత్తయ్యా,” అంది. “ఈరోజు పొద్దున్న నేను డిపోకి వెళ్ళాను.”

“డిపోకా? నీకేం పని అక్కడ?” అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగింది. “ఎవర్నడిగి వెళ్ళావు?”

“ఎవర్నీ అడగలేదు. నేనే...”

“నేను పంపాను,” అన్నాడు మామగారు.

బల్ల చుట్టూ అందరూ ఆయన వైపు తిరిగారు. కోడలు కూడా. ఆయన పళ్ళెంలోకే చూస్తున్నాడు. ఒక మెతుకుని వేలితో పళ్ళెం అంచుదాకా తోసి, అక్కడ పెట్టాడు.

“నాకు నోరు రాక, ముందు నువ్వెళ్ళి మేనేజరుతో ఓ మాట చెప్పిరా అమ్మా అని నేనే అన్నాను,” అన్నాడు. “నాకు నీడలో కళ్ళు కనిపించడం లేదు. ఎండలోంచి లోపలికొస్తే అసలు కనిపించదు. చాలా రోజులైంది. నడవాలో పడ్డదీ, బల్ల మీద గ్లాసు పడేసిందీ అన్నీ దానివల్లే.”

“నాన్నా,” అన్నాడు కొడుకు.

“చాలా రోజులా?” అంది అత్తగారు. ఆమె గొంతు ఎప్పుడూ అంత చిన్నగా ఎవరూ వినలేదు. “పక్కనే పడుకుంటాను. నాకు చెప్పలేదేంటండీ?”

“నాకే తెలియలేదు, ఎంత అన్నది. ఈమధ్యే తెలిసింది.” ఎలా తెలిసిందో చెప్పలేదు. “రేపటినుంచి బస్సు తోలను. కొత్త బస్సు వేరేవాడికి ఇమ్మన్నాను. తాళాలు ఇచ్చేసి వచ్చాను. ఇది నా నిర్ణయం, ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు.”

ఆడపడుచు ముక్కు ఎగబీల్చింది. అత్తగారు లేవబోయి, ఎందుకు లేస్తున్నానో మరిచిపోయినట్టు మళ్ళీ కూచుంది. కోడలు మామగారి మొహం వంకే చూస్తోంది, ఒక్కసారి ఇటు చూస్తే చాలని. ఆయన చూడలేదు. కొడుకు వైపు తిరిగాడు.

“పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నువ్వు సెలవు పెట్టి తీసుకెళ్ళు,” అన్నాడు. “తను వద్దు. తనకి ఆఫీసుంది.”